పుటల కూర్పున స్థిరశైలులు

1985లో వెలువడిన పేజ్‌మేకర్ మన డీటీపీ కేంద్రములలో చిరకాలము రాజ్యమేలినది. 1999లో వచ్చిన ఇన్‌డిజైన్ క్రమముగా నా స్థానము నాక్రమించినను, పాతదానిని విడువనివారు లేకపోలేదు.

ఇన్‌డిజైన్‌లో ఏ పత్రమును తెరువకయే పారాగ్రాఫ్ స్టైల్స్ పలకయందు మూలపాఠమునకు 12 పాయింట్ల అక్షరమును, ఒత్తులును గుడులును ఒండొంటి నొరయకుండ 18 పాయింట్ల లీడింగును నియమించి యొక స్టైలుగా భద్రపఱచినచో, అటుపిమ్మట సృష్టించు నూతన పత్రము ప్రతియు నా శైలితోడనే జనించును; పత్రము తెరచియుండగా జేసిన మార్పు దానికి మాత్రమే చెల్లును. పాత పత్రములకిది తనంతట సంక్రమింపదు. లోడ్ పారాగ్రాఫ్ స్టైల్స్ అను ఆజ్ఞచే దెచ్చుకొనవలయును. ఏటేట పంచాంగము గూర్చువారి కెంత యుపకారమో! అయితే ప్రిఫరెన్సులను మొదటికి మరల్చినచో నీ నియమములన్నియు తుడిచిపెట్టుకొనిపోవును గావున, ఒక టెంప్లేటును వేఱుగా దాచుకొనుట మేలు.