వంపు చుట్టూ అల్లే వల



విమానం రెక్క మీదుగా గాలి ఎలా జారుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టాలంటే ముందు ఒక వల అల్లాలి. దాన్నే మెష్ అంటారు. రెక్క చుట్టూ ఉన్న చోటునంతా చిన్న చిన్న గడులుగా విడగొడితే, ఒక్కో గడిలో గాలి వేగమెంతో, పీడనమెంతో కంప్యూటర్ లెక్కిస్తుంది.

చిక్కంతా వంపు దగ్గరే. మామూలు గడుల అంచులు తిన్నగా ఉంటాయి. కాబట్టి వంపును చిన్న గీతలతో కూర్చుకోవాలి. వృత్తంలో సమానమైన 8 భుజాల బొమ్మ ఇమిడిస్తే వైశాల్యంలో దాదాపు పదోవంతు పోతుంది. 36 భుజాలైతే పోయేది అర శాతమే. కానీ వైశాల్యం సరిపోతే చాలదు. అసలు రెక్కకు లేని మూలలు బొమ్మలో మిగిలితే, లెక్కలో గాలి అక్కడ లేనిపోని తడబాటు చూపిస్తుంది. అందుకే రెక్క ముందంచులా వంపు ఎక్కువున్న చోట గడులను దగ్గర దగ్గరగా పేర్చాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. రెక్కను తాకిన గాలి దాన్ని అంటుకునే ఉండిపోతుంది. కాస్త పైనున్న గాలి వేగం అందుకుంటుంది. ఈ మార్పు జరిగే పలుచని పొర గురించి 1904లో జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంటల్ వివరించారు. రాపిడి పుట్టేది ఇక్కడే. కాబట్టి రెక్క ఉపరితలం చుట్టూ ఉల్లిపొరల్లా సన్నని గడులు చుట్టి, బయటికి పోయేకొద్దీ ఒక్కో పొర మందాన్ని సాధారణంగా 1.2 రెట్లు పెంచుతారు.

చివరగా ఒక పరీక్ష. గడులను ఇంకా చిన్నవి చేసి మళ్లీ లెక్కించాలి. జవాబు పెద్దగా మారకపోతే వల మీద నమ్మకం కుదురుతుంది. మారితే, తెరమీద రంగుల బొమ్మ ఎంత అందంగా ఉన్నా నమ్మకూడదు. అల్లిక గట్టిదైతేనే లెక్క నిలుస్తుంది.