నడిచినా తగ్గని షుగర్

మిత్రులారా, డాక్టరువి కదా, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

మన బ్యాచ్‌లో అందరికీ అరవై దాటాయి. "రోజూ నడుస్తూనే ఉన్నారా, షుగర్ తగ్గట్లేదు" అని పొద్దుటి నుంచి నలుగురు అడిగారు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారని నేనడిగాను. సెల్‌ఫోన్ చూస్తూ పన్నెండు దాటించి, ఐదింటికే లేచి నడకకు పోతున్నారు. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది. సాయంత్రానికి చెయ్యి మిక్చర్ డబ్బాలోకే పోతుంది. పొద్దున నడిచిందంతా అక్కడే సరి!

ముందు ఏడు గంటలు పడుకోండి. నడక వారానికి 150 నిమిషాలు చాలు. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం కూడా అలవాటు చేసుకోండి. ఈ వయసులో జారిపడితే తుంటి ఎముకకే ముప్పు.

సాయంత్రానికి తాలింపు శనగలో, ఉడికించిన వేరుశనక్కాయలో గుప్పెడు చాలు. సున్నుండ దగ్గర మాత్రం "బెల్లమేగా" అనకండి. షుగర్ పెంచడంలో బెల్లం, పంచదార అన్నదమ్ములే.

ఇవాళ టీకి బజ్జీల పక్కన గుగ్గిళ్లు కూడా పెట్టించాం. ఏ పళ్లెం ముందు ఖాళీ అవుతుందో అక్కడే నిలబడి చూస్తాను.