పై పోర్షన్‌లో ఉండేది ఎవరు?

వేదిక మీది పెద్దలకు నమస్కారాలు రెండు మాటల్లో ముగించి, ముఖ్య అతిథి నేరుగా డాబాల సంగతి ఎత్తుకున్నారు. నగర ప్రణాళికలో పట్టాలు అందుకుంటున్న పిల్లలతో ఈ విశ్రాంత ఇంజనీరు మాట్లాడిందంతా పాత ఇళ్ల గురించే. వాటిని కూల్చకుండా, తక్కువ కరెంటుతో వేసవిని తట్టుకునేలా ఊరంతటా బాగుచేయడం ఎలాగన్నదే ఆమె ప్రసంగం.

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల మేర, ఎండను తిప్పికొట్టే చల్లని పైకప్పులు లక్ష్యం. అందులో 200 హైదరాబాద్ వాటా. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేశారు. ఇళ్ల విషయానికొస్తే 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే ఆ నిబంధన. "మరి అరవై గజాల్లో, రేకుల కింద పడుకునేవాళ్ల మాటేమిటి?" అని ఆమె నిలదీశారు. 2017లో ఇదే నగరంలో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీల వేడి తగ్గింది.

ఆమె బెంగంతా అద్దెకుండేవాళ్ల గురించే. ఉద్యోగంలో ఉండగా ఓ మే నెల రాత్రి ఒక మేడ ఎక్కారట. పది దాటినా పై పోర్షన్ గోడ మీద చెయ్యి ఆనడం లేదు. కిటికీకి తడి దుప్పటి కట్టారు. ఫ్యాను స్లాబు వేడినే కిందికి తోస్తోంది. కింద ఉండే ఇంటాయనకు ఆ ఉక్క తెలియదు, పైవాళ్ల కరెంటు బిల్లు ఆయన కట్టేదీ కాదు. కప్పు మీద తెల్లసున్నం వేయించమంటే, "సున్నం ఖర్చు నేనెందుకు పెట్టుకోవాలమ్మా?" అన్నారాయన. పొదుపు లెక్కలేవీ చెవికెక్కలేదు. పగలు ఎండకు సాగి, రాత్రి ముడుచుకునే స్లాబు బీటలిచ్చి వానకు కారుతుందని చెప్పాకే మేస్త్రీని పిలిచారు.

"మ్యాపులో వార్డులకు రంగులేసి ప్రణాళిక అయిపోయిందంటే ఊరుకోను. మెట్లెక్కండి నాన్నా! యజమాని ఎవరు, ఉండేదెవరు, బిల్లు కట్టేదెవరు, మూడూ రాసుకోండి." 75 వాట్ల ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టడం మంచిదే, కానీ కప్పు సంగతి ముందు చూడమన్నారు. కప్పు చల్లబడితే చిన్న ఏసీతోనే సరిపోతుంది.

ఆస్బెస్టాస్ రేకుల దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచారు. రంగు పట్టాలని వాటిని గీకిస్తే ఆ ధూళి కూలీల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దుమ్ము పడితే తెల్లరంగు పనితనం తగ్గుతుంది కాబట్టి, ఏటా ఎండలు ముదరకముందే కడిగించే ఖర్చు కూడా టెండర్‌లోనే రాయాలని, లేకపోతే సంతకం పెట్టవద్దని చెప్పి కూర్చున్నారు.