చప్పటి పుచ్చ, గట్టి వేరు
(న్యూజీలాండులోని మనురేవాలో చేసిన స్మారకోపన్యాసం)

ఇక్కడ ఇళ్ల వెనక బీర, ఆనప పాదులు పెట్టడం మనలో ఎందరికో నేర్పిన మాస్టారిని తలుచుకోవడానికి కూడాం. పాదు వాడితే ఆయన ఆకుల దగ్గర ఆగేవారు కాదు, మొక్కను పెకలించి వేరు చూసేవారు. అందుకే ఈ పూట పుచ్చ వేరు కథే ఎంచుకున్నాను.

1855లో ఇంగ్లండులో మైల్స్ బర్క్‌లీ, గాజుగదిలో పెరిగిన దోస వేళ్ల మీద బుడిపెలు చూసి, వాటికి కారణం నులిపురుగులని రాశాడు. మన దక్షిణాదిలో 1901లో నీలగిరుల్లోని దేవాల తేయాకు తోటలో బార్బర్ ఇదే తెగులును నమోదు చేశాడు. 1949లో చిట్‌వుడ్ ఈ పురుగులను మెలాయిడోగైన్ పేరు కింద జాతులుగా విడదీశాడు. ఏ పురుగు ఏ పైరును పడుతుందో తేల్చడానికి దారి అప్పుడు ఏర్పడింది.

పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరు లోపే. వేరు కొసన దూరి, నాళాల పక్కన కుదురుకుని, అక్కడి కొన్ని కణాలను పెద్దవి చేసి వాటిమీదే బతుకుతుంది. చుట్టూ వేరు ఉబ్బుతుంది. వెచ్చటి నేలలో నెల తిరిగేసరికి ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. ఇసుక నేల, వేసవి వేడి పుచ్చకు ఎంత ఇష్టమో పురుగుకూ అంతే. డ్రిప్పు నీళ్లు సరిగా అందుతున్నా మధ్యాహ్నానికి తీగ వాలిపోతే, రైతు తవ్వి చూడాల్సిందే.

అమెరికాలో చాలాకాలం మిథైల్ బ్రోమైడ్ వాయువుతో నేలనే శుద్ధి చేశారు. అది ఓజోన్ పొరను తినేస్తుందని తేలాక, మాంట్రియల్ ఒప్పందం కింద సంపన్న దేశాలు 2005 నాటికి, కొద్ది మినహాయింపులతో, దాన్ని వదులుకున్నాయి. మందు పోతుందని తెలిసే సరికి వెతుకులాట విత్తనాల వైపు మళ్లింది.

దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో ఉన్న ప్రభుత్వ కూరగాయల పరిశోధనశాలలో జూడీ థీస్, ఆమ్నాన్ లెవీ విత్తన నిధిలోని పుచ్చ నమూనాలను కుండీల్లో పెంచి పురుగుకు ఎదురుపెట్టారు. 2003 నుంచి వచ్చిన ఫలితాలు ఒకవైపే చూపాయి. తీపి పుచ్చలు లొంగిపోయాయి. నిలబడ్డవాటిలో ఎక్కువ భాగం దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు చప్పటి పుచ్చలు. వాటికి సన్నని పీచు వేళ్లు దట్టంగా ఉంటాయి.

ఈ కాయ మనకు కొత్తది కాదు. న్యూజీలాండు పాత తోటల్లో పై మెలన్ పేరుతో అల్లం జామ్ కోసం పెంచింది ఈ వర్గపు కాయనే. దాని బలాన్ని ముందే పసిగట్టినవాడు అమెరికా శాస్త్రవేత్త విలియం ఆర్టన్. ఎండు తెగులు అనే మరో రోగాన్ని ఆపడానికి ఈడెన్ అనే తీపి పుచ్చను ఆఫ్రికా పుచ్చతో సంకరం చేసి, 1911లో కాంకరర్ రకాన్ని ఇచ్చాడు. తెగులుకు నిలిచింది గానీ రుచిలో అంగడికి నచ్చలేదు. నా దృష్టిలో ఆర్టన్ ఓడిపోలేదు. తినలేని కాయలోనే వెతకాలని చూపించినవాడాయన.

టమాటాకు నులిపురుగు విషయంలో అదృష్టం కలిసొచ్చింది. 1944లో అడవి టమాటాతో చేసిన సంకరపు పిండాన్ని గాజుపాత్రలో బతికించి తెచ్చిన ఒకే జన్యువు ఇప్పటికీ కాపాడుతోంది, నేల వేడి 28 డిగ్రీలు దాటనంత వరకు. పుచ్చలో అలా ఒక్క జన్యువు పనిచేయదు. నిరోధం పలుచోట్ల చెదిరి ఉంది. దాన్ని తీపి కాయలోకి తేబోతే గట్టి గుజ్జు, చప్పదనం వెంట వస్తాయి.

అందుకే అంటు. పుచ్చను సొరకాయ వేరు మీద కట్టడం 1920లలోనే జపానులో మొదలైంది. కానీ సొర, గుమ్మడి వేళ్లు ఈ నులిపురుగుకు లొంగుతాయి. చార్ల్‌స్టన్ పరిశోధకులు, క్లెమ్సన్ విశ్వవిద్యాలయం కలిసి అందించిన కరోలినా స్ట్రాంగ్‌బ్యాక్ చప్పటి పుచ్చ వేరు రకం; దాని మీద తీపి తీగను అంటు కడతారు. అంటు నారు ఖరీదెక్కువ. మన ఊళ్ల చిన్న రైతుకు నేటికీ దిక్కు వేపపిండి, బంతితో పంట మార్పిడి.

చార్ల్‌స్టన్‌లో పరీక్షించిన ఆ పుచ్చ నమూనాలు జార్జియాలోని గ్రిఫిన్ విత్తన నిధిలో ఉన్నాయి. జింబాబ్వే, దక్షిణాఫ్రికా పొలాల్లో ఎవరో ఏరి ఇచ్చిన విత్తనాలవి. అక్కడి రైతుల పేర్లు ఏ రకం మీదా లేవు.