అక్షరాలకు ముందు

మూడవ ఏడు నిండీ నిండకముందే పిల్లవాని చేత పలక పట్టించి, గుణింతాలు దిద్దించాలని తొందరపడే తల్లిదండ్రులు నేడు ఊరూరా ఉన్నారు. పక్కింటి పాప నూరు దాకా అప్పజెబుతున్నది గదా, మన అబ్బాయి వెనుకబడిపోతాడేమో అన్నది వారి బెంగ. ఆ బెంగకు మూలం ప్రేమే. కాని నూరు దాకా వల్లించడమూ, నాలుగు వస్తువులను లెక్కించడమూ ఒకటి కావు. మొదటిది నాలుకకు అబ్బిన అలవాటు; రెండవది బుద్ధి చేసే పని.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. నాలుగేళ్ల పాప ముందు ఆరు చింతగింజలు ఒక వరుసగానూ, వాటికెదురుగా ఆరు గవ్వలు మరొక వరుసగానూ పేర్చండి. రెండూ సమానమే అంటుంది. ఆమె చూస్తూ ఉండగానే గవ్వలను ఎడమెడముగా జరిపి, "ఇప్పుడేవి ఎక్కువ?" అని అడగండి. ఆ వయసులో పెక్కుమంది గవ్వలే ఎక్కువంటారు. వరుస పొడవును బట్టి వారు సంఖ్యను నిర్ణయిస్తారన్నమాట. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త పియాజే ఇటువంటి పరీక్షల వల్లనే, శిశువు ఆలోచన దశలవారీగా పక్వమవుతుందని ప్రతిపాదించారు. ఆయన చెప్పిన వయఃపరిమితులను తరువాతి పరిశోధకులు సడలించినా, మూలసూత్రం మనకు ఉపకరిస్తుంది. పాప తప్పు చెప్పినదని కసరవద్దు. గింజకొక గవ్వను తానే జతపరచి చూసుకోనివ్వండి.

చేతి పని ద్వారా బుద్ధి వికసిస్తుందన్న నమ్మకంతోనే 1907లో మారియా మాంటిసోరీ రోము నగరపు పేదవాడలో శిశుగృహాన్ని నెలకొల్పారు. 1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంతకు పూర్వమే, 1920లో, న్యాయవాదిగా ఉండిన గిజుభాయి బధేకా గుజరాతులోని భావనగరంలో బాలమందిరాన్ని ప్రారంభించారు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద వెలసిన అంగన్‌వాడీలలో, పౌష్టికాహారంతో పాటు ఆటపాటల విద్య కూడా ఒక భాగమే.

"ఇవన్నీ సరే, పనిపాటలతో సతమతమయ్యే తల్లికి తీరిక ఏదీ?" అని మీరు అడగవచ్చు. ప్రత్యేకమైన తీరిక అక్కరలేదు. కలిసిపోయిన కందిపప్పునూ పెసరపప్పునూ వేరు చేయమంటే, అది వర్గీకరణలో పాఠం. గిన్నెలను ఒకదానిలో ఒకటి అమర్చమంటే, చిన్న పెద్దల క్రమం తెలుస్తుంది. భోజనానికి మనిషికొక కంచం పెట్టమంటే, లెక్కకు పునాది పడుతుంది. వామనగుంటలలో గుంటకొక గింజ చొప్పున వేసుకుంటూ పోవడం కూడా ఇటువంటిదే. రాత్రి కథ చెబుతూ నడుమ ఆగి, "తరువాత ఏమై ఉంటుంది?" అని అడగండి. ఆ ప్రశ్నకు పిల్లవాడు వెదుక్కుని చెప్పే నాలుగు మాటలు, అతడు వల్లించే నలభై మాటల కంటె విలువైనవి.

ఒక హెచ్చరిక. మూడేళ్ల లోపు పిల్లల చేతికి గింజలు, గవ్వలు ఇవ్వరాదు. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది. పెద్ద పిల్లలు ఆడేటప్పుడు కూడా పెద్దవారు దగ్గర ఉండాలి. ఏడుపు మాన్పడానికి సెల్‌ఫోను అందించే అలవాటును కూడా అదుపులో పెట్టుకోవాలి. రెండు మొదలు నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే కాలం రోజుకు ఒక గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

మాటలాడేవారు లేక, ప్రశ్నిస్తే కసురుకునేవారి మధ్య పెరిగిన బిడ్డ ఒకటవ తరగతిలో తడబడవచ్చు. ఆ తడబాటును చూసి లోకం మందబుద్ధి అని ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఒకసారి పడితే పోగొట్టడం కష్టం. కనుక పలక కొనడానికి తొందరపడకండి. రేపు ఉదయం వంటింట్లో పప్పు ఏరేటప్పుడు, పాపను పక్కన కూర్చోబెట్టుకుని మాటలాడండి.