శ్రామికుని హక్కు: మద్‌యన్ నేర్పిన పాఠం

సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



ఫిరౌన్ మనుషుల నుండి ప్రాణాలు కాపాడుకొని మద్‌యన్ చేరిన మూసా ప్రవక్త (అలైహిస్సలామ్) గాథ దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఖసస్ సూరాలో ఉంది. బావి వద్ద కాపరుల రద్దీకి వెనుక ఆగిపోయిన ఇద్దరు ఆడపడుచుల మందకు ఆయన నీళ్ళు పెట్టారు. ఏ ప్రతిఫలమూ అడగకుండా నీడకు వెళ్ళిపోయారు. కాసేపటికే వారిలో ఒకామె వచ్చి, ఆ శ్రమకు ప్రతిఫలం ముట్టజెప్పేందుకు తన తండ్రి పిలుస్తున్నాడన్న కబురు అందించింది. ఆ తరువాత ఆ పెద్దమనిషి తన కుమార్తెను ఇచ్చి వివాహం చేస్తూ, మూసా (అ)తో కొలువు ఒప్పందం చేసుకున్నారు. గడువు 8 ఏళ్ళు. 10 ఏళ్ళు పూర్తిచేస్తే అది మూసా (అ) ఇష్టం. తాను ఆయనను కష్టపెట్టబోనని కూడా ఆ పెద్దాయన మాట ఇచ్చారు.

ఈ గాథలో యజమానికి మూడు పాఠాలున్నాయి.

మొదటిది, వెంటనే చెల్లించడం. అడగని శ్రమకే ప్రతిఫలం వెనువెంటనే అందినప్పుడు, మాట్లాడుకున్న కూలిని వాయిదా వేయడం ఎంతటి అన్యాయం! శ్రామికుని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. మన దేశంలో 1936 నాటి వేతన చెల్లింపు చట్టం సైతం వెయ్యిమందికి లోపు పనివారున్న చోట 7వ తేదీలోగా, అంతకు మించిన చోట 10వ తేదీలోగా జీతం ఇవ్వాలని ఒకప్పుడు నిర్దేశించింది. షరీఅత్ దృష్టిలో, స్తోమత ఉండి బాకీని జాప్యం చేయడమే దౌర్జన్యం.

రెండవది, ముందే తేల్చి చెప్పడం. ‘పని చూసి ఇస్తాంలే’ అన్న మాట మన బజారులో మర్యాదగా చెలామణీ అవుతోంది. పని ఎంతో, కూలి ఎంతో తెలియని ఇజారా ఒప్పందం చెల్లనేరదని మన ఫిఖ్హ్ పండితులు స్పష్టం చేశారు.

మూడవది, కష్టపెట్టకపోవడం. ఒప్పుకున్న గడువుకు మించిన పని శ్రామికుని ఇష్టమేగాని యజమాని హక్కు కాదు. రమజాన్ రాత్రులలో సహ్రీ వేళ దాకా దుకాణాలు తెరిచి ఉంటాయి. పండుగ బేరం మనది, నిలబడే కాళ్ళు ఆ కుర్రవాళ్ళవి. ఆ అదనపు గంటలకు మన ఖాతా పుస్తకంలో చోటున్నదా?

సోదరులారా! మనలో ఎన్నో కుటుంబాలు గల్ఫ్ సంపాదనతో నిలిచినవే. కఫీల్ పాస్‌పోర్టు దాచుకున్నాడని, నెలల జీతం ఎగవేశాడని చెప్పి కన్నీరు పెట్టినవారి కోసం మనం ఇక్కడే దుఆ చేశాం. కాని తిరిగివచ్చి దుకాణం పెట్టుకున్న కొందరు, పనివాడు మానేస్తాడేమోనని అతని నెల జీతం పట్టి ఉంచుతున్నారు. అక్కడ పాస్‌పోర్టు, ఇక్కడ జీతం. తేడా ఏమున్నది? యూఏఈలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదు. మే నెలలో మన ఇంటి స్లాబు మీద నిలిచిన కూలీకి ఆ నీడ మనమెందుకు ఇవ్వలేము?

పనివానికీ ఈ గాథలో ఒక పాఠం ఉంది. ఆ ఆడపడుచు తండ్రితో మూసా (అ) బలాన్ని, నమ్మకాన్ని చెప్పి సిఫారసు చేసింది. తీసుకున్న కూలికి తగిన పని చేయకపోవడం ఖియానతే. అయితే న్యాయమైన కూలి అడగడం, ఇవ్వకుంటే కార్మిక శాఖ అధికారిని ఆశ్రయించడం సబ్ర్‌కు విరుద్ధం కాదు.

ఇక్కడ మా తప్పును మేము ఒప్పుకోవాలి. కూలి అందలేదని వచ్చినవారికి పలుమార్లు సబ్ర్ చేయమని చెప్పి పంపించాం. యజమాని మొదటి వరుసలో నమాజు చేసేవాడు, మసీదుకు చందా ఇచ్చేవాడు కావడంతో ఆయన వద్దకు వెళ్ళడానికి సంకోచించాం. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక! ఇకపై ముందు యజమాని వద్దకే వెళతాం. మన మసీదు వుజూఖానా కట్టిన మేస్త్రీకి సైతం ఇంకా బాకీ ఉన్నది. ఆ నీటితో వుజూ చేసుకొని నిలబడిన మనమందరం ఆ బాకీలో భాగస్వాములమే. నేడు అస్ర్ నమాజులోగా అది చెల్లించాలని కమిటీ నిర్ణయించింది.

పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగ్గొట్టిన వానికి ప్రళయ దినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు హదీసులో ఉంది. ఆ న్యాయస్థానంలో మన తరఫున నిలిచేవారెవరు? దాసుల హక్కు మన నమాజులతో చెల్లిపోదు. హక్కుదారునికి చెల్లించాలి, లేదా అతడు మనసారా క్షమించాలి. ఎవరి కూలి మన వద్ద మిగిలి ఉన్నదో, ఈ రోజు ఇంటికి వెళ్ళకముందే అతని ఇంటికి వెళదాం.

ఓ అల్లాహ్! ఇతరుల చెమటను మా సంపదలో కలుపుకోకుండా మమ్మల్ని కాపాడు. శ్రామికులకు వారి హక్కును, మాకు దానిని చెల్లించే సద్బుద్ధిని ప్రసాదించు. ఆమీన్.