బిగిసిన బోల్టు, కారే పంపు

మోటారు సైకిలుకు నీటి పంపేమిటి, అది బావికో పొలానికో ఉండవలసినది కదా అని కొందరు శ్రోతలకు తోచవచ్చును. గాలికి చల్లబడే ఇంజన్లకే మన కళ్ళు అలవాటుపడినవి. కాని ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ స్కాట్ 1908 నాటికే నీటితో చల్లబడే ఇంజన్లను మోటారు సైకిళ్ళకు అమర్చినాడు. వాటికి పంపు లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోయి, రేడియేటరులో చల్లబడి, తిరిగి కిందికి దిగేది. జపానునుండి 1971లో వచ్చిన సుజుకీ జీటీ 750లో నీటిని తిప్పే పని పంపుకు అప్పగించినారు. మన దేశంలో 2008లో యమహా ఆర్15 వచ్చిన తరువాత ఇట్టి బండ్లు మన వీధులలోను విరివిగా కనబడసాగినవి.

ఈ పంపులో ఉన్నది ఒక ఇరుసు. దాని ఒక కొస రెక్కల చక్రంతో నీటిలో తిరుగుతుంది. రెండవ కొస ఇంజను ఆయిలులో తిరుగుతుంది. నీరూ నూనే కలవకుండా నడుమ రెండు సీళ్ళు ఉంటవి. ఆ రెండింటి మధ్య కాస్త ఖాళీ, ఆ ఖాళీనుండి కిందికి ఒక చిన్న బెజ్జం. అందులోనుండి రంగునీరు బొట్లుగా రాలితే నీటివైపు సీలు పోయినదనీ, ఆయిలు కారితే ఆయిలువైపు సీలు పోయినదనీ అర్థం. ఆ బెజ్జాన్ని పెట్టినదే జబ్బు బయటపెట్టడానికి.

మా మేనల్లుడికి ఈ సంగతి తెలియదు. బండి నిలిపిన చోట రోజూ నాలుగు చుక్కలు కనబడితే, ఆ బెజ్జానికి గట్టిపడే అంటుముద్ద కూరినాడు. ఎల్లుండి శ్రీశైలం ప్రయాణం. "కారడం ఆగింది మామయ్యా" అని సంతోషంగా వచ్చినాడు. "ఆగలేదురా, దారి మార్చుకున్నది" అని ఆయిలు మూత విప్పి చూపినాను. లోపల ఆయిలు పాలు కలిసిన కాఫీలాగ ఉన్నది. నీరు కలిసిన ఆయిలుకు బేరింగులను కాపాడే శక్తి ఉండదు. అదే బండితో ఘాటు ఎక్కి ఉంటే ఇంజనే చేతికి వచ్చేది. ప్రయాణం మానిపించి పంపు విప్పడానికి కూర్చున్నాము.

ఇంతవరకు నాది పెద్దరికం. ఇకమీదట నా తెలివితక్కువతనం.

పంపు మూతకు నాలుగు బోల్టులు. మూడు సులువుగా వచ్చినవి, నాలుగవది కదలలేదు. ఉక్కు బోల్టు అల్యూమినియం మరలో ఉండి, చెమ్మ తగిలితే, అల్యూమినియం తినివేయబడి తెల్లని పొడి ఏర్పడుతుంది. ఆ పొడి తాను పుట్టిన లోహంకంటె ఎక్కువ చోటు ఆక్రమించి మరను బిగబట్టివేస్తుంది. రేడియేటరులో బోరునీళ్ళు పోసేవారి బండ్లలో ఆ లవణాలవల్ల ఇది మరీ త్వరగా జరుగుతుంది. మావాడు పోసినవి అవే.

ఆరు మిల్లీమీటర్ల బోల్టును సాధారణంగా పది న్యూటన్ మీటర్ల బలంతో బిగిస్తారు. మీటరు పొడవు కర్ర కొసకు కిలో బరువు కట్టినంత అన్నమాట, అంతే. నేను పానాకు ఇనుప గొట్టం తొడిగి తిప్పినాను. తల ఊడి చేతిలోకి వచ్చినది.

పక్క వీధిలోని ముసలి మేస్త్రీ వచ్చి నన్ను ఏమీ అనలేదు. తల పోయిన తరువాత మూత పైకి లేచినది. బోల్టు మొండెం గోరంత ఎత్తున నిలిచి ఉన్నది. అది మా అదృష్టం. ఆయన పెట్రోలు ట్యాంకు విప్పించి దూరంగా పెట్టించినాడు. పాత సీళ్ళు తీసివేసి, మంటను బోల్టుకు కాక దాని చుట్టూ ఉన్న అల్యూమినియానికి చూపినాడు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కుకు ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక మర కాస్త వదులవుతుంది. మంట తీసి, కొంత చల్లారనిచ్చి, పలుచని నూనె వేసి, సుత్తితో మెల్లగా తట్టి అరగంట ఊరుకున్నాడు. తరువాత పట్టకారుతో మొదట బిగించేవైపు వెంట్రుకవాసి తిప్పి, ఆ పిమ్మట విప్పినాడు. ముందుకూ వెనుకకూ, మళ్ళీ నూనె. కిర్రుమన్నది, వచ్చినది.

మొండెం లోపలే విరిగి ఉంటే దాని నడిమికి బరమా వేయవలసి వచ్చేది. విరిగిన బోల్టులు తీసే ఎదురుమర పనిముట్లు బజారులో దొరుకుతవి గాని, అవి చాలా కఠినమైన ఉక్కు. అవే లోపల విరిగితే మామూలు బరమా వాటిమీద పనిచేయదు. అంతకంటె లేతు దుకాణానికి పోవడం మేలు.

సీళ్ళు రెండూ మార్చినాము. నీటి సీలును రెక్కల చక్రానికి ఆనే ముఖంమీద కాక, బయటి అంచుమీదనే ఒత్తి దింపవలెను. ఆయిలు రెండుసార్లు మార్చితేగాని తెలుపు పోలేదు. కొత్త బోల్టులకు మర పట్టకుండా లేపనం రాసి, కొంచెం తక్కువగానే బిగించినాము. బోరునీళ్ళు మాని, బండికి చెప్పిన కూలెంటును శుద్ధజలంతో కలిపి పోసినాము. రేడియేటరు మూత మాత్రం వేడిమీద ఎన్నడూ విప్పరాదు. పారబోసిన కూలెంటులో సాధారణంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. అది తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు అందనీయకండి.

మావాడు పది రోజుల తరువాత శ్రీశైలం వెళ్ళి వచ్చినాడు. బెజ్జంలో రాయిలా గట్టిపడిన ముద్దను సన్నని బరమా పుల్లను చేతితో తిప్పుతూ తవ్వి తీయడానికి మాత్రం ఒక పూట పట్టినది. ఆ పనికి నేను చేయి వేయలేదు.